బయోలాజిక్ ఇంజెక్షన్‌కి ముందు టీబీ టెస్ట్: ఓపీలో రోజూ వినే అపోహలు

నేను కీళ్లవాతం డాక్టర్‌ని. కీళ్లవాపు తగ్గించే అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు గానీ, టోఫాసిటినిబ్ మాత్రలు గానీ మొదలుపెట్టే ముందు లేటెంట్ టీబీ (ఒంట్లో నిద్రలో ఉన్న టీబీ) టెస్టులు రాస్తే, ఎదురుగా కూర్చున్నవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. వాళ్లు అనే మాటలివి.

అపోహ: "దగ్గు లేదు, జ్వరం లేదు. నాకెందుకు టెస్ట్?"

లేటెంట్ టీబీకి లక్షణాలే ఉండవు. ఎప్పుడో బస్సులోనో, హాస్టల్లోనో గాలితో లోపలికి వెళ్లిన క్రిమిని రోగనిరోధక కణాలు చుట్టుముట్టి కదలనివ్వకుండా ఉంచుతాయి. నివురుగప్పిన నిప్పన్నమాట. ఆ కణాల గుంపు చెదరకుండా చూసేవాటిలో ముఖ్యమైనది టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్. కీళ్లవాపు తగ్గడానికి అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ అడ్డుకునేది సరిగ్గా దాన్నే. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నాక టీబీ వచ్చిన 70 మంది వివరాలు 2001లో బయటికొచ్చాయి. అందులో 48 మందికి మూడు డోసులలోపే జబ్బు బయటపడింది.

అపోహ: "చెయ్యి ఎర్రబడింది, పాజిటివ్ వచ్చేసింది."

ముంజేతి చర్మంలోకి చిన్న ఇంజెక్షన్ ఇచ్చి చూసే మాంటూ టెస్టులో ఎరుపు లెక్కలోకి రాదు, గట్టిపడిన భాగమే లెక్క. నేను వేలితో తడిమి చూసి, రెండు వైపుల నుంచీ బాల్‌పెన్‌తో లోపలికి గీత లాగుతాను. గట్టి అంచు తగలగానే పెన్ను ఆగుతుంది. ఆ రెండు గీతల మధ్య దూరాన్ని ముంజేతికి అడ్డంగా స్కేలు పెట్టి కొలుస్తాను. ఈ మందులు వాడబోయేవాళ్లకి 5 మిల్లీమీటర్లున్నా పాజిటివే.

ఒకమ్మాయి ఆ చోటు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది, "ఇది చాలదా సార్" అని. గట్టిదనం ఫోటోలో కనపడదమ్మా అని చెప్పాను. టెస్ట్ ఇంజెక్షన్ ఇచ్చాక 48 నుంచి 72 గంటల మధ్య మనిషి రావాల్సిందే. దూరాభారం వల్ల రెండోసారి రాలేనివాళ్లకి ఇగ్రా రక్తపరీక్ష మేలు. ఖర్చు ఎక్కువే, కానీ చిన్నప్పటి బీసీజీ టీకా వల్ల అందులో తప్పుడు పాజిటివ్ రాదు.

అపోహ: "పాజిటివ్ అంటే నా పిల్లలకి అంటుకుంటుంది."

లేటెంట్ టీబీ ఎవరికీ అంటుకోదు. కాకపోతే నిద్రలో ఉన్న టీబీకీ, మేలుకున్న టీబీకీ తేడా ఈ టెస్టులు చెప్పలేవు. అందుకే ఛాతీ ఎక్స్‌రే తీయిస్తాం, సాయంత్రం పూట జ్వరమొస్తోందా, బరువు తగ్గారా అని అడుగుతాం. ఇంట్లో ఎవరైనా టీబీ మందులు వాడారా అని నేను గుచ్చిగుచ్చి అడుగుతాను. పెళ్లి సంబంధాలకి అడ్డమని దాస్తారు. "కుర్రతనంలో ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఆర్నెల్లు మాత్రలు మింగాను" అని ఒక పెద్దాయన మూడోసారి వచ్చినప్పుడు గానీ చెప్పలేదు. దయచేసి మా దగ్గర దాచకండి.

అపోహ: "పాజిటివ్ వస్తే, లేటెంట్ టీబీ మాత్రల కోర్సు అయ్యేదాకా నొప్పులు భరించాలి."

అక్కర్లేదు. ఐసోనియాజిడ్ రోజూ ఆరు నెలలు, లేదా ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికోసారి 12 వారాలు ఇస్తాం. సాధారణంగా ఒక నెల వాడాక ఇంజెక్షన్ మొదలుపెట్టొచ్చు, కోర్సు మాత్రం పూర్తి చేయాలి. ఆ రోజుల్లో మద్యం వద్దు. కళ్లు పచ్చబడినా, వాంతులవుతున్నా మాత్రలు ఆపి వెంటనే డాక్టర్‌ని కలవండి.

అపోహ: "నెగెటివ్ వచ్చింది, ఇక టీబీ రాదు."

నాకు ఎక్కువ భయం దీనితోనే. అప్పటికే స్టెరాయిడ్ వాడుతుంటే టెస్ట్ తప్పుగా నెగెటివ్ రావొచ్చు, టెస్ట్ తర్వాత టీబీ కొత్తగానూ సోకొచ్చు. పైన చెప్పిన 70 మందిలో 40 మందికి ఊపిరితిత్తులు దాటి వేరే అవయవాల్లో టీబీ కనిపించింది. మెడ దగ్గర గడ్డ, పొట్ట ఉబ్బరం, తగ్గని జ్వరం ఉంటే దగ్గు లేకపోయినా సరే, తర్వాతి డోసు వేయించుకోకముందే వచ్చి చూపించుకోండి.