‘యుద్ధం కదా, ఎవర్ని అడుగుతాం?’ – విదేశీ సైన్యం దిగిన దేశంలో పౌరుల గురించి అపోహలు, వాస్తవాలు

లా కాలేజీలో అంతర్జాతీయ మానవతా చట్టం (అంటే యుద్ధంలో కూడా పాటించాల్సిన నియమాలు) చెబుతాను. ఆక్రమణ పాఠం మొదలుపెట్టగానే ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: ‘యుద్ధం కదా మేడమ్, ఇంకెవర్ని అడుగుతాం?’ టీవీ చర్చల్లోనూ ఇదే మాట, వాట్సాప్‌లోనూ ఇదే మాట. జనానికి ఇంత నష్టం చేసిన అపోహ ఇంకోటి లేదు. అందుకే ఎక్కువ భాగం దీని గురించే రాస్తున్నాను. ఉదాహరణకు 2003లో అమెరికా, బ్రిటన్ సైన్యాలు దిగిన ఇరాక్ తీసుకుందాం.

అపోహ: యుద్ధంలో పోయిన ప్రాణానికి జవాబుదారీ ఎవరూ ఉండరు.

ఉంటారు. ఒక ఊరు విదేశీ సైన్యం అదుపులోకి వచ్చిందంటే ఆ క్షణం నుంచి అక్కడి శాంతిభద్రతలు ఆ సైన్యం పూచీ. 1907 హేగ్ నిబంధనల్లోని 43వ అధికరణం చెప్పేది ఇదే. తిండి, మందులు, ఆస్పత్రుల సంగతి 1949 నాలుగో జెనీవా ఒప్పందం 55, 56 అధికరణాల్లో ఉంది. తన చేతనైనంత మేరకు వాటిని చూసుకోవాల్సింది ఆక్రమించిన దేశమే. ఇరాక్ విషయంలో వాదనకు కూడా తావు లేదు. 2003 మే 22న భద్రతా మండలి 1483వ తీర్మానంలో అమెరికా, బ్రిటన్‌లను ఆక్రమణ శక్తులుగా పేర్కొని, వాటి బాధ్యతలను గుర్తు చేసింది. అప్పటికే జరగాల్సిన నష్టం చాలా జరిగిపోయింది. ఏప్రిల్‌లో బాగ్దాద్ పడిపోగానే జాతీయ మ్యూజియాన్ని దోచుకున్నారు, జాతీయ గ్రంథాలయం తగలబడింది, ఆస్పత్రుల్లో సామాను కూడా ఎత్తుకుపోయారు. చమురు శాఖ భవనానికి మాత్రం అమెరికన్ సైనికుల కాపలా ఉంది. ఎన్నిసార్లు చెప్పినా ఈ సంగతి దగ్గర నాకు కోపం ఆగదు.

అదే ఏడాది సెప్టెంబరులో బస్రాలో బహా మూసా అనే 26 ఏళ్ల హోటల్ రిసెప్షనిస్టును బ్రిటిష్ సైనికులు పట్టుకెళ్లారు. రెండు రోజులు తిరక్కుండానే కస్టడీలో చనిపోయాడు. ఒంటి మీద 93 గాయాలు. తండ్రి పోలీసు అధికారి, ఊరుకోలేదు. ఆయనా, బస్రా ప్రాంతంలోనే మనుషుల్ని పోగొట్టుకున్న మరో అయిదు కుటుంబాల వాళ్లూ కేసు నడిపారు. మా మానవ హక్కుల బాధ్యత ఇరాక్ దాకా రాదని బ్రిటన్ వాదించింది. 2011 జులై 7న యూరప్ మానవ హక్కుల కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది: బస్రాలో ప్రభుత్వం చేయాల్సిన పనులు మీరు చేశారు కాబట్టి, అక్కడి చావుల మీద స్వతంత్ర దర్యాప్తు జరిపించాల్సిందీ మీరే. మిగతా అయిదుగురికీ తలా 17,000 యూరోలు ఇవ్వమంది. బహా మూసా కుటుంబానికి, ఆయనతో పాటు పట్టుబడిన వాళ్లకు కలిపి బ్రిటన్ రక్షణ శాఖ 2008లోనే 28.3 లక్షల పౌండ్లు ఇచ్చింది. ఈ డబ్బుతో పోయిన మనిషి తిరిగి రాడు, నిజమే. కానీ ‘ఎవర్ని అడుగుతాం’ అన్న ప్రశ్నకు జవాబు మాత్రం దొరికింది.

మరి అడగని వాళ్ల సంగతి? ఉస్మానియాలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక బస్రా అబ్బాయి నా దగ్గరకు వచ్చేవాడు. వాళ్ల చిన్నాన్నను చెక్‌పోస్ట్ దగ్గర కాల్చేశారు. ఆ సాయంత్రమే ఖననం చేశారు. పోస్ట్‌మార్టం లేదు, ఫిర్యాదు లేదు. ఇంట్లో మిగిలిన కాగితమల్లా పేరు కొట్టేసిన రేషన్ కార్డు. కాల్చింది ఏ యూనిట్ వాళ్లో తెలియదు, తారీఖు కూడా తల్లి ఒకటి చెబుతుంది, పెద్దన్న ఒకటి చెబుతాడు. ‘అప్పుడు అడగొచ్చని మాకెవరూ చెప్పలేదు మేడమ్’ అన్నాడు. ఇలాంటి నష్టపరిహార దావాలకు ఇరాక్ చట్టంలోని మూడేళ్ల గడువే వర్తిస్తుందని 2016లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కుటుంబానికి గడువు ఎప్పుడో దాటిపోయింది. సైన్యం చంపింది చిన్నాన్ననే అయినా, కేసును చంపింది మాత్రం ఈ అపోహే.

అపోహ: అధికారం స్థానికులకు అప్పగించగానే బాధ్యత తీరిపోతుంది.

2004 జూన్ 28న అధికారం ఇరాకీలకు అప్పగించారు. అంతకు ముందు రోజే అక్కడి ఆక్రమణ పాలనకు అధిపతిగా ఉన్న అమెరికన్ పాల్ బ్రెమర్ తన 17వ ఉత్తర్వును సవరించి, విదేశీ కాంట్రాక్టర్లను ఇరాక్ కోర్టులు విచారించకుండా రక్షణ మిగిల్చి వెళ్లారు. 2007 సెప్టెంబరు 16న బాగ్దాద్ నిసూర్ కూడలిలో ఒక అమెరికన్ కంపెనీ ప్రైవేటు గార్డులు 17 మంది పౌరులను కాల్చి చంపితే, ఇరాక్ కోర్టు ముట్టుకోలేకపోయింది. అమెరికా కోర్టులో 2014లో నలుగురు దోషులని తేలింది, 2020 డిసెంబరులో అధ్యక్షుడి క్షమాభిక్షతో ఆ నలుగురూ బయటపడ్డారు. ఇంకో వైపు, అమెరికన్ సైన్యం నడిపిన అబూ గ్రయిబ్ జైలులో హింస అనుభవించిన ముగ్గురు ఇరాకీలు (ఒక స్కూల్ ప్రిన్సిపాల్, ఒక విలేకరి, ఒక పళ్ల వ్యాపారి) ఒక అమెరికన్ కాంట్రాక్ట్ కంపెనీ మీద 2008లో వేసిన కేసులో 2024 నవంబరులో జ్యూరీ 4.2 కోట్ల డాలర్ల తీర్పు చెప్పింది. ఇరవై ఏళ్ల తర్వాత! అప్పగింత సంతకంతో అన్నీ ముగిసిపోయుంటే ఈ తీర్పు ఎక్కణ్నుంచి వస్తుంది?

అపోహ: డబ్బు ఇచ్చారంటే తప్పు ఒప్పుకున్నట్టే.

కాదు. అమెరికన్ సైన్యం ఇరాక్‌లో ఇచ్చిన 2,500 డాలర్ల లాంటి మొత్తాలు సానుభూతి సొమ్ము. కమాండర్ ఇష్టం మీద ఆధారపడి ఉండేవి. పోరాటంలో జరిగిన నష్టానికి వాళ్ల క్లెయిమ్స్ చట్టంలో (విదేశీ పౌరులకు సైన్యం చేసిన నష్టాల చట్టం) పరిహారమే లేదు.

అపోహ: బాత్ పార్టీ (సద్దాం హుస్సేన్ పాలక పార్టీ) సభ్యులంతా సద్దాం మనుషులే.

ఉద్యోగం నిలవాలంటే, ప్రమోషన్ రావాలంటే పార్టీలో చేరక తప్పని రోజులవి. 2003 మే 16 నాటి బ్రెమర్ మొదటి ఉత్తర్వు, పార్టీలో పై నాలుగు స్థాయిల సభ్యులందర్నీ ఉద్యోగాల్లోంచి తీసేయమంది. వేల మంది టీచర్లు రోడ్డున పడ్డారు. వారం తిరిగేసరికి రెండో ఉత్తర్వుతో సైన్యాన్నే రద్దు చేశారు. ఎవరు ఏం చేశారో విడివిడిగా చూడకుండా పార్టీ కార్డు చూసి శిక్షించడం న్యాయం కాదు.

అపోహ: మన వాళ్లు విదేశీయులు కాబట్టి అక్కడ వాళ్లకు ఏ హక్కూ ఉండదు.

జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి ఇరాక్ వెళ్లిన వాళ్ల ఇళ్ల నుంచి నాకు ఫోన్లు వస్తాయి. ఏ చిన్న పుకారు లేచినా ఆ తల్లులకు రాత్రంతా టెన్షనే. వాళ్లకు నేను చెప్పేది: ఆక్రమిత ప్రాంతంలో ఉన్న మూడో దేశం వాళ్లకు కూడా నాలుగో జెనీవా ఒప్పందం రక్షణ ఉంది. 48వ అధికరణం ప్రకారం దేశం వదిలి వెళ్లే హక్కు కూడా ఉంది. పాస్‌పోర్ట్, వీసా, కంపెనీ ఒప్పందం ఫొటోలు తీసి ఇంటికి పంపించమనండి. ఏ ఊళ్లో ఉన్నారో, ఏ తారీఖున బయల్దేరారో రాసిపెట్టుకోమనండి.

మా మేనమామ కువైట్‌లో డ్రైవర్. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అమ్మాన్ దాకా బస్సులో వచ్చి విమానం ఎక్కాడు. జోర్డాన్ స్టాంపు పడ్డ పాస్‌పోర్ట్‌ను మా అత్తయ్య బీరువాలో దాచింది. తర్వాత ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ ఇరాక్ చమురు ఆదాయంలోంచి, అలా దేశం వదిలిన వాళ్లకు పరిహారం ఇచ్చింది. విడి మనిషికి 2,500 డాలర్లు, వేరే క్లెయిమ్ వేయనని ఒప్పుకుంటే 4,000. మామయ్యకు 4,000 వచ్చాయి. ఆయనతో ఒకే గదిలో ఉన్న పక్క ఊరాయన ‘ఎవడిస్తాడులే’ అని దరఖాస్తే పెట్టలేదు.