గలివర్ పరుపు లెక్క

'గలివర్స్ ట్రావెల్స్' కథలో లిల్లిపుట్ దీవి చిట్టి మనుషులు, అక్కడికి చేరిన గలివర్‌కి పరుపు కుట్టిన తీరు గుర్తుందా? తమ మామూలు పరుపులు ఆరు వందలు, బండ్ల మీద వేసి తెచ్చారు. 150 పరుపులు కలిపి కుడితే అతని పొడవుకీ వెడల్పుకీ సరిపోయాయి. అలాంటివి నాలుగు పొరలు వేశారు. అయినా కింద నేల గట్టిగా తగులుతూనే ఉందని గలివర్ సణుగుతాడు.

చిన్నప్పుడు చదివి నవ్వుకుని వదిలేశాను. లెక్క కట్టి చూస్తే ఆ సణుగుడులో న్యాయం ఉంది. లిల్లిపుట్ మనిషి ఎత్తు ఆరంగుళాల లోపే. గలివర్ అతనికి 12 రెట్లు. పొడవు 12 రెట్లు, వెడల్పు 12 రెట్లు అయితే కావలసినవి 144 పరుపులు, కథలో 150. మరి మందం? అదీ 12 రెట్లు ఉండాలి కదా, వేసింది నాలుగు పొరలే. నడుం నొప్పి పుట్టదూ!

1726లో ఈ కథ అచ్చువేయించిన జొనాథన్ స్విఫ్ట్ డబ్లిన్‌లో ఒక పెద్ద చర్చికి డీన్. లెక్కల పండితులంటే ఆయనకు వెటకారం. అదే కథలో లాపుటా అనే ఇంకో దీవిలో దర్జీ క్వాడ్రంట్‌తో (కోణాలు కొలిచే పరికరం) కొలతలు తీసి, కాగితం మీద లెక్కలు వేసి, ఒంటికి అతకని బట్టలు తెస్తాడు. లిల్లిపుట్ కుట్టుపనివాళ్ళు మాత్రం తాడుతో పొడవు తీసుకున్నాక బొటనవేలు ఒక్కటే కొలుస్తారు. వేలికి రెండు చుట్లు తిరిగే దారం మణికట్టుకి ఒక చుట్టు. అదే లెక్కన మెడ, నడుము. ఒక పాత చొక్కాను నమూనాగా పెట్టుకుని కుడితే కొత్తవి చక్కగా సరిపోయాయట. నేనూ దారంతో కొలిచి చూశాను. మెడ దాకా బాగానే వచ్చింది, నడుము దగ్గర తేడా కొట్టింది. తప్పు స్విఫ్ట్‌ది కాదు.

అసలు లెక్క తిండిది. ఒళ్ళు మూడు వైపులా పెరుగుతుంది కాబట్టి 12 × 12 × 12, అంటే 1728 మంది తిండి గలివర్‌కి ఇవ్వాలని తేల్చారు. (కొన్ని ముద్రణల్లో 1724 అని ఉంటుంది.) ఘనపరిమాణం వరకు ఇది సరే. కానీ ఆకలి అంత వేగంగా పెరగదు. గలివర్ 70 కిలోలనుకుంటే లిల్లిపుట్ మనిషి 40 గ్రాములు, ఇంచుమించు ఒక చిట్టెలుక. చిట్టెలుక తన బరువుతో పోలిస్తే ఏనుగు కన్నా ఎన్నో రెట్లు తింటుంది. చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, వేడి తొందరగా పోతుంది, కారణాల్లో అదొకటి.

1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త రకరకాల జంతువుల కొలతలు పోల్చి చూశాడు. శరీరానికి కావలసిన శక్తి బరువుకి మూడు బై నాలుగో ఘాతం చొప్పున పెరుగుతోందని తేలింది. గలివర్ బరువు 1728 రెట్లు కాబట్టి, ఆ ఘాతం కట్టడానికి 1728ని ఘనం చేసి, వర్గమూలం తీసి, దానికి మళ్ళీ వర్గమూలం తీస్తే సుమారు 268. అంతమంది భోజనం చాలు. పెట్టింది ఆరు రెట్లకు పైనే.

కొన్నాళ్ళకి కోశాధికారి ఫ్లిమ్నాప్, ఈ మనిషి మీద ఇప్పటికే పదిహేను లక్షల స్ప్రుగ్‌లకు (వాళ్ళ బంగారు నాణేలు) పైగా ఖర్చయిందని, వీలు చూసుకుని పంపించేయమని చక్రవర్తి దగ్గర మొరపెట్టుకుంటాడు. అందులో భోజనాల పద్దు ఎంతో స్విఫ్ట్ చెప్పలేదు.