సముద్రం అడుగున న్యూట్రినోల వేట: అరవై ఏళ్ల వెనకటి ఆలోచన

2023 ఫిబ్రవరి 13న సిసిలీ తీరానికి దూరంగా, మధ్యధరా సముద్రంలో 3,500 మీటర్ల లోతున ఉన్న కేఎం3నెట్ టెలిస్కోపుకు ఒక న్యూట్రినో (విద్యుదావేశం లేని అతి సూక్ష్మ కణం) జాడ దొరికింది. దాని శక్తి సుమారు 220 పీటా ఎలక్ట్రాన్‌వోల్టులని అంచనా (ఎలక్ట్రాన్‌వోల్టు కణాల శక్తికి కొలమానం; పీటా అంటే పదికోట్ల కోట్లు). అంత శక్తిగల న్యూట్రినో అంతకుముందు ఎవరికీ చిక్కలేదు. అక్కడ 230 సెన్సర్ తీగలు దించాలన్నది ప్లాన్. అప్పటికి పనిచేస్తున్నవి 21 మాత్రమే.

నీటి లోతుల్లో న్యూట్రినోలను పట్టాలన్న ఈ ఆలోచన 1960 నాటిది, సోవియట్ శాస్త్రవేత్త మొయిసే మార్కోవ్‌ది. న్యూట్రినో దేన్నీ తాకకుండా భూగోళాన్నే దాటిపోగలదు. ఏ కొద్దిసార్లో నీటిలోని అణుకేంద్రకాన్ని ఢీకొంటే, అందులోంచి పుట్టిన కణం నీటిలో కాంతి వేగాన్ని మించి దూసుకుపోతూ నీలి వెలుగు చిమ్ముతుంది. ఆ వెలుగును పట్టాలంటే బోలెడు నీరుండాలి, చిమ్మచీకటి ఉండాలి, పైనుంచి కురిసే విశ్వకిరణాలను (అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలను) వడకట్టే మందం ఉండాలి. లోతైన సముద్రంలో ఈ మూడూ ఉన్నాయి.

అమెరికా శాస్త్రవేత్తలు హవాయి దగ్గర, దాదాపు 4,800 మీటర్ల లోతున డ్యూమండ్ అనే న్యూట్రినో టెలిస్కోపు ప్రాజెక్టు తలపెట్టారు. 1993 డిసెంబరులో మొదటి తీగ దించగానే పరికరాల్లోకి నీరు చేరి షార్ట్ సర్క్యూట్ అయింది. తర్వాత నిధులు ఆగిపోయాయి. దీన్ని వైఫల్యంగా కొట్టిపారేయడం అన్యాయమని నా అభిప్రాయం. 1987లోనే ఓడ నుంచి వేలాడదీసిన నమూనా తీగతో లోతు నీటిలో మ్యూయాన్లను (విశ్వకిరణాల నుంచి పుట్టే కణాలను) కొలిచి చూపింది ఈ బృందమే. విపరీతమైన పీడనం, ఉప్పునీటిలోని పొటాషియం-40 అనే రేడియోధార్మిక పదార్థం వల్ల పుట్టే వెలుగు, మిణుకుమనే సముద్రజీవులు: తర్వాత ప్రతి బృందమూ ఎదుర్కొన్న చిక్కులే ఇవి.

రష్యన్లు గడ్డకట్టిన బైకాల్ సరస్సు మీద నిలబడి, మంచుకు రంధ్రాలు చేసి పరికరాలు దించారు. దక్షిణ ధ్రువపు మంచులో 2010లో పూర్తయిన ఐస్‌క్యూబ్ అనే న్యూట్రినో టెలిస్కోపు, సౌరకుటుంబం అవతలి నుంచి వచ్చిన అధికశక్తి న్యూట్రినోలకు 2013లో ఆధారాలు ప్రకటించింది.

మరి సముద్రం ఎందుకు? మంచులో కంటే నీటిలో కాంతి తక్కువగా చెదురుతుంది. కాబట్టి న్యూట్రినో ఏ దిక్కు నుంచి వచ్చిందో ఇంకా కచ్చితంగా తెలుస్తుంది. పైగా మధ్యధరా నుంచి, మిగతా కణాలను అడ్డుకునే భూమినే వడపోతగా వాడుకుంటూ మన గెలాక్సీ కేంద్రం వైపు చూడొచ్చు. ఫ్రాన్స్ తీరంలో 12 తీగలతో 2008లో పూర్తయిన ఆంటారెస్ టెలిస్కోపు, 2022 దాకా పనిచేసి, ఇది సముద్రంలోనూ సాధ్యమేనని తేల్చింది. దాని వారసురాలే కేఎం3నెట్.

2023 నాటి న్యూట్రినో వివరాలు 2025 ఫిబ్రవరిలో అచ్చయ్యాయి. దాన్ని పుట్టించిన మూలం ఏదో మాత్రం అప్పటికి తేలలేదు. కొత్త తీగలు దించే పని సాగుతోంది.