కాలువ బాగుందని ఎలా తెలుస్తుంది?

విజయవాడ

ప్రియమైన పిల్లలకు,

బందరు కాలువ వంతెన మీద నిలబడి, "పచ్చగా ఉంది కదా తాతయ్యా, బాగున్నట్టేనా?" అని అడిగారు. మంచి ప్రశ్న, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఆ పచ్చదనం గుర్రపుడెక్కది. మురుగుతో వచ్చే నత్రజని, భాస్వరం దొరికితే అది ఏపుగా పెరిగి, కింది నీటికి వెలుతురు అందనివ్వదు. కాబట్టి రంగు చూసి నమ్మకండి.

చూడాల్సింది నీటిలో కరిగిన ఆక్సిజన్. చేపలు బతకడానికి లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. అయితే ఎప్పుడు కొలిచామన్నది ముఖ్యం. పగలు ఎండకు నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి తానే పీల్చుకుంటుంది. కైకలూరు వైపు చేపల రైతులకు ఈ సంగతి బాగా తెలుసు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే వాళ్లకు ఒకటే టెన్షన్, వెంటనే నీటిలో గాలి కలిపే ఏరేటర్లు వేస్తారు. అదే చెరువులో మధ్యాహ్నం మీటరు పెడితే అంతా బాగున్నట్టే చూపించవచ్చు.

అందుకే నాకు అడుగున బతికే పురుగుల మీదే గురి. అవి వారాల తరబడి అక్కడే ఉంటాయి, నీళ్లు పాడైతే పారిపోలేవు. మేఫ్లై అనే రెక్కల పురుగుకు నీటిలో పెరిగే పిల్లపురుగులు చాలా మటుకు మురుగును తట్టుకోలేవు. బురదలో ఉండే సన్నని ఎర్రపురుగులకు మన రక్తంలో లాగే హిమోగ్లోబిన్ ఉంటుంది, ఆక్సిజన్ తక్కువైనా నెట్టుకొస్తాయి. ఎర్రపురుగులు కనిపించడం తప్పు కాదు. అవి తప్ప ఇంకేమీ లేకపోతేనే భయపడాలి.

ఒక్క జీవినే లెక్కపెట్టినా మోసపోతాం. కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. అక్కడ గూడబాతులు పెరిగాయని సంబరపడే ముందు, వాటికి తిండి సరస్సులో దొరుకుతోందా, పక్కనున్న చేపల చెరువుల్లోనా అని అడగాలి. సరస్సు చిక్కిపోతున్నా పక్షులు పెరగవచ్చు.

కాలువలో ఏయే జీవులు ఉన్నాయో మీరూ లెక్క మొదలుపెట్టండి. వేసవిలో కాలువలు కట్టేస్తారు, అప్పటి లెక్కను వానాకాలపు లెక్కతో పోల్చకూడదు. ఏటా అదే చోట, అదే నెలలో చూసి తేదీతో రాసుకోండి. కొన్నేళ్ల లెక్కలు చేరితేనే కాలువ కోలుకుంటోందో, క్షీణిస్తోందో తెలుస్తుంది. పెద్దవాళ్లు పక్కన లేకుండా నీళ్లలో దిగవద్దు, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. మొదటి లెక్క రాయగానే నాకు పంపండి, కలిసి చూద్దాం.

ప్రేమతో,
మీ తాతయ్య