పాత ఫెర్రీ టెర్మినళ్ల పునరుద్ధరణ: అపోహలు - వాస్తవాలు

రేవు ఒడ్డున ఉండే పాత కట్టడాలకు మరమ్మతులు చేయడం నా వృత్తి. అమెరికాలో ఫెర్రీలు, అంటే ప్రయాణికుల్ని నీటి మీద దాటించే పడవలు, ఆగే శాన్‌ఫ్రాన్సిస్కో ఫెర్రీ బిల్డింగ్ (1898) చూసి వచ్చిన మనవాళ్లు నన్ను తరచూ అడిగేవి ఇవి.

అపోహ: ఇన్నేళ్లు ఉప్పునీట్లో నానిన చెక్క పైళ్లు (కట్టడాన్ని మోసేందుకు నీటి అడుగు నేలలోకి దిగగొట్టిన దుంగలు) పుచ్చిపోయే ఉంటాయి.

వాస్తవం: ఎప్పుడూ నీటి అడుగున, బురదలో ఉండే చెక్క అంత తేలిగ్గా పుచ్చదు. చెక్కను కుళ్లబెట్టే బూజుకు గాలి కావాలి. అది అక్కడ అందదు. ముప్పంతా ఆటుపోట్ల మధ్య తడిసి ఆరే భాగానికే. పోటు తగ్గి నీరు దిగినప్పుడు పడవలో కిందికి వెళ్లి సుత్తితో తట్టి చూస్తాం. గట్టి దుంగ ఖంగుమంటుంది, గుల్లబారింది డొల్లగా మోగుతుంది. ఇంకో శత్రువు చెక్కను తొలిచే సముద్రపు పురుగు. పైకి కనిపించేది సూదిమొనంత రంధ్రం, లోపలంతా డొల్ల. 1919 తర్వాత రెండు మూడేళ్లలోనే శాన్‌ఫ్రాన్సిస్కో బే (అఖాతం) ఉత్తర భాగంలో ఎన్నో రేవు కట్టడాలను ఈ పురుగు కూల్చేసింది. అందుకే డైవర్లు దిగి చూడనిదే పైళ్లు బాగున్నాయని నేను సంతకం పెట్టను.

అపోహ: పాత కట్టడం భూకంపానికి ఆగదు.

వాస్తవం: ఫెర్రీ బిల్డింగ్ 1906 భూకంపంలోనూ, 1989 భూకంపంలోనూ నిలిచింది. రాతి వెనక ఉక్కు చట్రం ఉంది. అలాగని నిశ్చింతగా ఉండలేం. ఉప్పుగాలి సందుల్లోంచి ఉక్కును చేరితే తుప్పు పడుతుంది. ఆ తుప్పు ఉక్కు కన్నా ఎన్నో రెట్లు ఉబ్బి రాతిని బయటికి నెట్టేస్తుంది. రాతి మీద గోధుమరంగు చార కనిపిస్తే కడిగి రంగు వేయమంటారు. దయచేసి ఆ పని చేయకండి, ముందు లోపల ఏం జరుగుతోందో విప్పి చూడాలి.

అపోహ: పాత ఇటుక సందుల్లో సిమెంటు కూరితే గట్టిపడుతుంది.

వాస్తవం: తేమ సిమెంటులోంచి బయటికి రాలేక ఇటుకలోంచి వస్తుంది. ఆ తేమతో వచ్చే ఉప్పుకు ఇటుక ముఖం పెచ్చులూడిపోతుంది. మెత్తని ఇటుకకు సున్నమే సరి.

అపోహ: పునరుద్ధరణ అంటే మొదటి రోజు ఎలా ఉందో అలాగే చేయడం.

వాస్తవం: 1936, 1937లలో బే మీద వంతెనలు రావడంతో ఫెర్రీలు పలచబడ్డాయి. తర్వాత 660 అడుగుల పొడవైన పై హాలును ఆఫీసు గదులతో నింపేశారు. 2003లో ముగిసిన పనిలో ఆ గదులు తీసేశారు, పై అంతస్తు నేలను కొంతమేర కోసి కప్పులోంచి వచ్చే వెలుతురును కింది అంగళ్లదాకా దింపారు. మొదటినాటి నేలను కోయడం తప్పన్నవాళ్లతో నేను ఏకీభవించను. చీకట్లో అంగళ్లు నడవవు, అద్దెలు రాకపోతే నీటి కింద తనిఖీలకు డబ్బు పుట్టదు. ఫెర్రీలు ఇప్పటికీ ఆ భవనం వెనక నుంచే బయల్దేరుతున్నాయి.