తుపాకీ దొంగతనం, పోలీసు ఫిర్యాదు: మన సరిహద్దు ఊళ్లలో అపోహలు - వాస్తవాలు

ఆంధ్రాను ఆనుకుని ఒడిశాలో ఉన్న రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్ల క్రిమినల్ కేసులు చూసే లాయరుగా ఒక మాట ముందే చెప్తాను. లైసెన్సు తుపాకీ పోయినప్పుడు మనవాళ్లు దొంగతనం వల్ల నష్టపోయేదాని కన్నా, ఆ తర్వాత నోరు విప్పకుండా గడిపిన రోజుల వల్ల నష్టపోయేదే ఎక్కువ. "దొరుకుతుందిలే", "పెద్దమనుషుల చేత అడిగిద్దాం" అంటూ వారం గడిచిపోతుంది. ఆ వారంలో అదే తుపాకీతో ఎక్కడో ఎవరికో గాయమైతే, దాని మీదున్న నంబరు పట్టుకుని పోలీసులు వచ్చేది లైసెన్సుదారుడి గుమ్మానికే. అడవి పందుల నుంచి పంట కాపాడుకోవడానికని తీసుకున్న తుపాకులు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి కాబట్టి, నా దగ్గరకొచ్చేవాళ్లు తరచూ అనే మాటలే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: "లాయరు బాబూ, స్టేషన్‌కెళ్తే ముందు మనల్నే కూర్చోబెడతారు. లైసెన్సు కూడా పోతుంది."

వాస్తవం: ప్రశ్నలు అడుగుతారు, అడగాలి కూడా. ఎక్కడ పెట్టారు, తాళం ఎవరి దగ్గరుంటుంది, చివరిసారి ఎప్పుడు చూశారు అని. కానీ తుపాకీ గానీ తూటాలు గానీ పోతే వెంటనే పోలీస్ స్టేషన్‌లో చెప్పాలన్నది లైసెన్సు షరతుల్లోనే ఉంది. షరతు మీరితే 1959 ఆయుధాల చట్టం 30వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇక లైసెన్సు సంగతి. దాన్ని సస్పెండ్ చేసే, రద్దు చేసే అధికారం లైసెన్సు ఇచ్చిన అధికారికి 17వ సెక్షన్ ఇచ్చింది. తలుపు పక్కన తాళం లేకుండా వదిలేశారని తేలితే ఆ అధికారం వాడవచ్చు. దాని మీద 18వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లవచ్చు. ఆ అప్పీలులో మన చేతిలో ఉండాల్సిన గట్టి కాగితం, పోయిందని తెలిసిన రోజే ఇచ్చిన ఫిర్యాదు.

అపోహ: "మేమున్నది ఆంధ్రాలో, పోయింది ఒడిశాలో. ఏ స్టేషనూ తీసుకోదు."

వాస్తవం: 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నాం. ఆంధ్రాలోని పాతపట్నంలో పెళ్లికి వెళ్లినవాళ్లకు పర్లాకిమిడిలో ఇంటి తాళం పగిలిందని ఫోనొస్తే, పాతపట్నం స్టేషన్‌లోనే చెప్పవచ్చు. అయితే వీలుంటే ఇల్లున్న చోటి స్టేషన్‌కే వెళ్లమంటాను. వేలిముద్రలు, పగిలిన తాళం అవీ చూడాల్సింది వాళ్లే. రెండు రాష్ట్రాలూ మావంటే మావంటున్న కొటియా గ్రామాల్లో ఉన్నవాళ్లకు కూడా ఇదే దారి. హద్దు ఎవరిదన్నది మీరు తేల్చక్కర్లేదు, దగ్గరున్న స్టేషన్‌కు వెళ్లండి. ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, కానీ 3 రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి.

అపోహ: "వాళ్లు ఒడియాలో రాసుకుంటారు. మనం సంతకం పెట్టి వచ్చేయడమే."

వాస్తవం: దీని దగ్గర కాస్త ఆగి చదవండి. మీరు నోటితో చెప్పింది రాసుకుంటే, దాన్ని మీకు చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. అర్థం కాకపోతే తెలుగు తెలిసిన వాళ్లతో చెప్పించమని అడగండి. మన జిల్లాల స్టేషన్లలో తెలుగు తెలిసినవాళ్లు దొరకడం కష్టమేం కాదు. అంతకన్నా మంచి పద్ధతి, ఫిర్యాదు మీరే రెండు కాపీలు రాసి తీసుకెళ్లడం. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, స్టాంపు వేయించుకోండి.

అందులో ఏం రాయాలంటే: తుపాకీ రకం (12 బోర్ సింగిల్ బ్యారెలా, డబల్ బ్యారెలా), తయారీ కంపెనీ, తుపాకీ మీద కొట్టిన నంబరు, లైసెన్సు నంబరు, దాని మీదున్న యూఐఎన్ (లైసెన్సుదారుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య), పోయిన తూటాలు ఎన్ని, ఎక్కడ దాచారు, చివరిసారి ఎప్పుడు చూశారు. లైసెన్సు పుస్తకం జిరాక్సు జత చేయండి. నంబర్లన్నీ ఇంగ్లిష్ అంకెల్లోనే రాయించండి. ఒడియా నాలుగు మన కళ్లకు పైన మూత తీసిన ఎనిమిదిలా ఉంటుంది. గుణుపురం వైపు ఒక రైతు కేసులో, లైసెన్సులో 4 ఉన్నచోట ఎఫ్‌ఐఆర్ కాపీలో 8 పడింది. వేటగాళ్ల దగ్గర తుపాకీ దొరికాక అది ఈయనదేనని తేల్చడానికి నెలల తరబడి తిరగాల్సి వచ్చింది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. చేతికి రాగానే అక్కడే నిలబడి అంకె అంకె సరిచూసుకోండి.

అపోహ: "దొంగ పేరు చెప్పకపోతే కేసు కట్టరు."

వాస్తవం: గుర్తు తెలియని వ్యక్తుల మీద రోజూ కేసులు కడుతూనే ఉంటారు. అనుమానం ఉంటే చెప్పండి, కానీ అనుమానంగానే చెప్పండి. "ఫలానావాడే తీశాడు" అనకుండా "ఫలానా సాయంత్రం మా పెరటి వెనక తిరుగుతుంటే చూశాను" అని రాయండి. అబద్ధమని తెలిసీ ఒకరిని ఇరికించాలని చెప్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 217వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు పడవచ్చు. నిజాయితీగా అనుమానపడి పొరబడితే అది నేరం కాదు. మన ఊళ్లలో ఏది పోయినా ముందు వినిపించేది కొండ మీద నుంచి పనికొచ్చిన సవర, కంధ గిరిజన కూలీల పేర్లే. చూసింది ఏమీ లేకుండా ఆ పేర్లు కాగితం మీద పెట్టకండి. ఒక కుటుంబం ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కుతుంది, అసలు దొంగ మాత్రం నిశ్చింతగా తిరుగుతుంటాడు.

అపోహ: "ఎవరి దగ్గరో నాటు తుపాకీ చూశాం. మనకెందుకు?"

వాస్తవం: ఆయుధాల చట్టం కింద నేరం జరిగిందని తెలిసినవాళ్లు సరైన కారణం లేకుండా చెప్పకపోవడానికి వీల్లేదని 36వ సెక్షన్ అంటోంది. మీ పేరు గురించి టెన్షన్ పడుతున్నారా? ఆ సమాచారం ఎవరిచ్చారో చెప్పమని కోర్టు కూడా పోలీసు అధికారిని బలవంతం చేయలేదు. మీరే ఫిర్యాదుదారుగా సంతకం పెడితే మాత్రం ఎఫ్‌ఐఆర్‌లో పేరుంటుంది. ఈ రెంటికీ తేడా తెలుసుకుని ఏది కావాలో ఎంచుకోండి. సాక్ష్యం చెప్పాల్సి వస్తే ఆడవాళ్లను, 60 ఏళ్లు దాటిన పెద్దలను స్టేషన్‌కు రమ్మని పట్టుబట్టకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. తుపాకీ చూపించి ఎవరైనా బెదిరిస్తుంటే కాగితాలు తర్వాత, ముందు 112కి ఫోన్ చేయండి.

అపోహ: "ఎస్సై వద్దంటే ఇక అంతే."

వాస్తవం: పోలీసులు స్వయంగా కేసు కట్టదగిన నేరమైతే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే చెప్పింది. తీసుకోకపోతే ఫిర్యాదును రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి పంపండి, రసీదు దాచండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లవచ్చు.

అపోహ: "తుపాకీ తాతగారి పేరున ఉంది, ఆయన పోయి ఏళ్లయింది. ఇప్పుడు చెప్తే మనమే దొంగలం."

వాస్తవం: నన్ను నిజంగా కలవరపెట్టేవి ఈ కేసులే. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద 2 నుంచి 5 ఏళ్ల జైలు ఉంది, కాబట్టి భయం ఉత్తది కాదు. ఒంటరిగా స్టేషన్‌కు వెళ్లి తోచింది చెప్పకండి, అలాగని దాచనూ దాచకండి. ఆ రోజే లాయరును కలిసి, తాతగారి పాత లైసెన్సు, మరణ ధ్రువపత్రం ముందు పెట్టుకుని ఫిర్యాదు రాయించండి. తుపాకీ ఇంకా ఇంట్లోనే ఉన్న వారసులు ఈ వారమే దాన్ని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి, తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోండి.

కేసు కట్టాక 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు పోలీసులు చెప్పాలి. చెప్పకపోతే వెళ్లి అడగండి. తుపాకీ దొరికితే అది ముందు కోర్టు ఆధీనంలోకి వెళ్తుంది, దాన్ని తిరిగి ఇప్పించమని మనం పిటిషన్ వేసుకోవాలి. అప్పుడు కోర్టు మొదట చూసేది లైసెన్సు గడువు. తుపాకీ పోయింది కదా అని రెన్యువల్ వదిలేయకండి.