పళ్ళ మీది పాచి సంగతి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవులకు, తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "తిన్నాక నీళ్ళు పుక్కిలిస్తున్నాం కదా తాతయ్యా, రాత్రి మళ్ళీ బ్రష్ ఎందుకు?" అని అడిగారు. మంచి ప్రశ్న.

పొద్దున లేవగానే కింది ముందు పళ్ళ మొదట్లో, చిగురు ఆనేచోట గోటితో మెల్లగా గీకి చూడండి. లేత పసుపు రంగులో మెత్తగా కొంచెం వస్తుంది. అది రాత్రి తిన్న అన్నం కాదు, చాలావరకు బాక్టీరియాయే. 1683లో హాలండ్‌లో లేవెన్‌హుక్ అనే ఆయన ఇలాగే తన పళ్ళ మీది పాచి తీసి, సొంతంగా చేసుకున్న భూతద్దం కింద చూశాడు. బుల్లి జీవులు చకచకా కదులుతూ కనిపించాయి. ఆ సంగతి లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆయనేమో రోజూ ఉప్పుతో పళ్ళు తోముకునే మనిషి!

మనం తోముకున్న కొద్ది నిమిషాలకే లాలాజలంలోని ప్రోటీన్లు పన్ను మీద సన్నటి పొరగా పరుచుకుంటాయి. ఆ పొరకి ముందు స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా రకాలు అతుక్కుంటాయి, వాటిని పట్టుకుని మిగతావి చేరతాయి. వీటిలో మ్యూటన్స్ అనేది మనం తినే చక్కెరతోనే జిగురు తయారుచేసుకుంటుంది. బిందె లోపల పట్టిన పాచి నీళ్ళతో తొలిపితే పోతుందా? పీచు పెట్టి తోమాల్సిందే. ఇదీ అంతే.

ఆ బాక్టీరియా చక్కెర తిని ఆమ్లం వదులుతుంది. ఆమ్లాన్ని కొలిచే లెక్క పీహెచ్, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువన్నమాట. పీహెచ్ 5.5 కన్నా తగ్గితే ఎనామెల్, అంటే పంటి పైన ఉండే గట్టి పొర, కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని సర్దడానికి అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. అందుకే జీళ్ళు తినాలనిపిస్తే అన్నంతోపాటే తినేయండి. సాయంత్రమంతా ఒక్కొక్కటీ చప్పరిస్తుంటే పంటికి తేరుకునే వ్యవధే ఉండదు.

చిగుళ్ళ సంగతి ఇంకోటి. 1965లో డెన్మార్క్‌లో 12 మంది పళ్ళు తోముకోవడం మానేసి చూశారు. మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలెట్టాక తగ్గిపోయాయి. పాచిని అలాగే వదిలేస్తే గట్టిపడి గార అవుతుంది. అది బ్రష్‌కి లొంగదు, డెంటిస్టే తీయాలి. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయని మన వీధిలో ఇప్పటికీ అంటారు. నమ్మకండి.

రెండు పూటలా ఫ్లోరైడ్ పేస్టుతో, రెండేసి నిమిషాలు తోముకోండి. బఠాణీ గింజంత పేస్టు చాలు. బ్రష్‌ని చిగురు వైపు ఏటవాలుగా పెట్టి మెల్లగా కదపండి, రుద్దొద్దు. రాత్రి పూట మాత్రం అస్సలు మానొద్దు, నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. నురగ ఉమ్మేశాక ఎక్కువ నీళ్ళతో కడిగేయకండి, పంటిని కాపాడే ఫ్లోరైడ్ కాసేపు ఉండాలి. వేపపుల్ల మంచిదే కానీ దవడ పళ్ళ వెనక్కి అందదు. ఇటుకపొడి జోలికి మాత్రం పోవద్దు, ఎనామెల్ అరిగిపోతుంది.

పాచికి రంగు పట్టించే బిళ్ళలుంటాయి. నమిలితే బ్రష్ ఎక్కడ అందలేదో అక్కడ రంగు తేలుతుంది. దసరా సెలవులకి తెప్పించి ఉంచుతాను. అమ్మమ్మతో సహా అందరం నమిలి అద్దంలో చూసుకుందాం.

మీ తాతయ్య